జర్మనీ దేశమున ఆంగ్లభాషా తల్లులు

(మన సంఘ మహిళా విభాగపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



జర్మనీ దేశపు సంసార జీవనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మహిళా విభాగమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను ముగించి తండ్రిగారి దుకాణమున కూర్చున్న బట్టల వ్యాపారిని. కాని మన కరూరు దుప్పట్లును, వంటింటి తువాళ్ళును, బల్లగుడ్డలును జర్మనీ యిండ్లకు చేరుచున్నవి గనుక, ప్రతి జనవరి మాసమున ఫ్రాంక్‌ఫర్టు నగరమున జరుగు గృహవస్త్రముల ప్రదర్శనకు పోవుట నాకు అలవాటైనది. అక్కడికి అరగంట రైలు ప్రయాణములో నున్న చిన్న పట్టణమున మా అక్కగారి కుమార్తె కాపురమున్నది. ప్రదర్శన ముగిసిన పిదప రెండు మూడు దినములు వారి యింట నుందును. అక్కడ చూచినదియు, ఆమె స్నేహితురాండ్రైన తల్లుల నోట విన్నదియు, అడిగి తెలిసికొన్నదియు మీకు మనవి చేయుదును.

జర్మనీలోని జర్మను తల్లులను గూర్చి గాక ఆంగ్లభాషా తల్లులను గూర్చి యేల చెప్పవలెనని మీరడుగవచ్చును. ఇంట నొక భాష, వీధిలో నొక భాషగా బ్రతుకుట మనకు తరతరాల నుండి తెలిసిన సంగతి. మన తాతలు తెచ్చుకొన్న తెలుగు ఇంటి గడప లోపల నున్నది. గడప దాటిన అరవము. బళ్ళారివారికి కన్నడము, బరంపురమువారికి ఒడియా, షోలాపురమువారికి మరాఠీ. మనవంటి కొద్దిమందికే యీ చిక్కు గలదని మనలో కొందరి తలంపు. ఆంగ్లమో, లోకమంతయు ఏలిన భాష. దానికొరకు మన బిడ్డలను వేలకు వేలు పోసి బళ్ళలో చేర్పించుచున్నాము. అట్టి ఆంగ్లమే యింటి భాషగా గలిగిన తల్లి జర్మనీలో నొక మేడమీది యింట కాపురము పెట్టినప్పుడు, ఆమెయు మనవలె గడప లోపలి భాష గల మనిషియే యగుచున్నది. ఇది నాకు వింతగా తోచినది. అందుచేతనే యీ విషయమును ఎంచుకొంటిని.

ముందు వీరెవరో చెప్పెదను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా, బ్రిటను సేనలు పశ్చిమ జర్మనీలో నిలిచినవి. 1946లో అమెరికా సైనికుల భార్యాబిడ్డలు అక్కడికి వచ్చుట ప్రారంభమైనది. బ్రిటిషు సేన చాలవరకు 2020 నాటికి వెడలిపోయినది. అమెరికావారు నేటికిని ఉన్నారు. కైజర్స్‌లౌటెర్న్ పట్టణ ప్రాంతమున, రామ్‌స్టైన్ విమానస్థావరము చుట్టును, వారి నివాసము చాల పెద్దది. వారికి వారి బడులు, వారి అంగళ్ళు, వారి ఆస్పత్రి గలవు. గోడ లోపల అదియొక చిన్న అమెరికా. వారి సంగతి వేరు.

నేను చెప్పబోవునది గోడ లేని తల్లులను గూర్చి. జర్మను పురుషుని వివాహమాడి వచ్చిన ఐర్లండు స్త్రీ, భర్త బ్యాంకు ఉద్యోగము వలన వచ్చిన ఆస్ట్రేలియా స్త్రీ, దక్షిణాఫ్రికా స్త్రీ, నైజీరియా స్త్రీ, బెర్లినులో తానే ఉద్యోగము సంపాదించుకొన్న అమెరికా స్త్రీ. వీరందరు ఆ దేశపు సామాన్య గృహములలో, జర్మను కుటుంబములకు పైన క్రింద కాపురముండు వారు. వీరితోబాటు మన దేశపు స్త్రీలును నేడు చాలమంది గలరు. తెలుగు తల్లులున్నారు, అరవ తల్లులున్నారు. వారి యింటి భాష వేరైనను, జర్మను రానంతకాలము వారికి ఊరిలో నోరు తెరచుటకు ఆంగ్లమే ఆధారము. మా మేనకోడలు ఆ కోవలోనిది.

ప్రదర్శనశాలలో దుప్పటి ధర మాటలాడుకొను వ్యాపారికి, జర్మనీలో అందరికిని ఆంగ్లము వచ్చును గదా యని తోచును. వచ్చును, చాలమంది చక్కగా మాటలాడుదురు. కాని ఆటస్థలమున ఇసుకగుంట చుట్టును బల్లలమీద అయిదుగురు జర్మను తల్లులు కూర్చుండియున్నప్పుడు, ఆరవదిగా వెళ్ళిన ఆంగ్లభాషా తల్లి కొరకు వారు రెండు వాక్యములు ఆంగ్లమున పలికి, మూడవ వాక్యమునకు తమ భాషలోనికి జారిపోవుదురు. అందు చెడు తలంపు లేదు. మన యిండ్లలో అరవ పొరుగమ్మ వచ్చి కూర్చున్నప్పుడు మనమును అట్లే చేయుదుము గదా. ఆ తల్లి నవ్వవలసిన చోట అందరితో నవ్వుచు, ఎందులకు నవ్వితినో తెలియక యింటికి పోవును. ఇక పిల్లల వైద్యుని యొద్ద ఫోను తీయు ఉద్యోగిని మాట, శిశుశాల గోడమీది కాగితము, ఇంటి యజమాని యుత్తరము, ఇవన్నియు జర్మనులోనే.

మన యిండ్లలో తొలికాన్పునకు ఆడపిల్ల పుట్టింటికి వచ్చును. తల్లి యున్నది, నాయనమ్మ యున్నది, పథ్యమునకు వెల్లుల్లి కారము నూరి పెట్టువారున్నారు. అక్కడి ఆంగ్లభాషా తల్లికి పుట్టిల్లు సముద్రముల కావల నున్నది. ఆ లోటును ఆ దేశము ఒక మంత్రసాని చేత కొంత తీర్చుచున్నది. దీనిని నేను చాల మెచ్చుకొంటిని. అక్కడ మంత్రసానిని హెబామ్మె యందురు. ఆమె చదివి పరీక్ష నిచ్చి ప్రభుత్వపు అనుమతి పొందిన మనిషి. కాన్పు తరువాత తల్లి యింటికే వచ్చును. మొదటి 10 దినములు ప్రతిదినమును రావచ్చును. ఆ పిమ్మట 12 వారములు నిండువరకు అవసరమును బట్టి వచ్చును. ఖర్చు చట్టబద్ధమైన ఆరోగ్యబీమా భరించును. బిడ్డ బరువు చూచును, బొడ్డు చూచును, పాలిచ్చు విధము చూపును. తల్లి ఏడ్చుచున్నచో ప్రక్కన కూర్చుండును. చాలమంది ఆంగ్లభాషా తల్లులకు ఆ దేశమున మొదటి స్నేహితురాలు ఈ మంత్రసానియే. కాని వారు చాలినంతమంది లేరు గనుక, గర్భము నిలిచిన తొలి మాసములలోనే వెదకి మాట తీసికొనవలెను. మీలో ఎవరి కుమార్తెయైనను అక్కడ నున్నచో యీ మాట ముందుగా చెప్పుడు.

ఉద్యోగము చేయు స్త్రీకి కాన్పునకు ముందు 6 వారములును, తరువాత 8 వారములును రక్షణకాలము. ఆపైన తల్లియైనను తండ్రియైనను బిడ్డకు మూడేండ్లు వచ్చువరకు సెలవు తీసికొనవచ్చును, ఉద్యోగము పోదు. 2007 నుండి, బిడ్డ పుట్టిన మొదటి యేట ఆదాయములో కొంతభాగము ప్రభుత్వము ఇచ్చుచున్నది. ఇందువలన సాంఘిక జీవనమున నొక మార్పు కలిగినది. పగటిపూట, పదిగంటల వేళ, ఒక్కొక్క వీధిలో చంటిబిడ్డలతో ఖాళీగా నున్న తల్లులు పెక్కుమంది కానవత్తురు. వారందరు ఎక్కడికో పోవలెను గదా. అందుకొరకు ఏర్పడినవే ప్రాకు బిడ్డల కూటములు. జర్మనులో క్రాబెల్‌గ్రుప్పె యందురు, అర్థము అదియే. చర్చివారి సమావేశగృహమున నొక గది, నేలమీద కంబళ్ళు, వారమున కొకసారి కూడిక. చెప్పులు వాకిట విడువవలెను. ఈ మర్యాద మనకు క్రొత్త గాదు గాని అమెరికా తల్లులకు మొదట వింతయట. మరియొక విధమైన తరగతి గలదు: ప్రాగ్ నగరపు శాస్త్రజ్ఞుడైన యారోస్లావ్ కోఖ్ ఆలోచనలను బట్టి యేర్పడినది. అందు గదిని బాగుగా వెచ్చజేసి బిడ్డలను దిసమొలతో ఆడింతురు. కంబళ్ళు ఎవరు ఉతుకుదురో నేను అడుగలేదు.

కూటము పాటతో మొదలై పాటతో ముగియును. అక్కడనే చిక్కు. జర్మను తల్లులందరికిని ఆ పాటలు కంఠస్థము; వారి అమ్మమ్మలు నేర్పినవి. చేతులెప్పుడు చరచవలెనో, బిడ్డను మోకాళ్ళమీద నుండి ఎప్పుడు జారవిడిచి పట్టుకొనవలెనో వారికి తెలియును. పరభాషా తల్లి పెదవులు మాత్రము కదల్చును. చేతులు ఒక్క క్షణము ఆలస్యముగా చరచును. “మామయ్యా, ఉద్యోగములో పదిమంది ముందర నిలిచి మాటలాడిన దానను. ఆ గదిలో మాత్రము మూగదాననైతిని” అని మా మేనకోడలు చెప్పినది. ఆమెవంటి చదువరిని మూగజేయుటకు పెద్ద సభ యక్కరలేకపోయెను. ఒక చిన్న పిల్లలపాట చాలినది.

ఇట్టి తల్లులు ఒకరినొకరు వెదకికొని చేసికొన్నవే ఆంగ్లభాషా తల్లుల కూటములు. పెద్ద నగరములలో పెక్కు గలవు. చిన్న యూళ్ళలో నలుగురైదుగురు చేరి యింటింట వంతులవారీగా జరుపుకొందురు. కథల పుస్తకములు మార్చుకొందురు, బిడ్డలకు పొట్టియైన బట్టలు, తోపుడు బండ్లు చేతులు మారును. ఏ వైద్యుడు ఓపికగా మాటలాడును, ఏ శిశుశాలలో చోటున్నది, ఏ ఉత్తరమునకు వెంటనే జవాబీయవలెను, ఏది దాచిపెట్టిన చాలును, ఇట్టి మాటలు సాగును. మొదటి యేట ఇది పుట్టింటివలె పనిచేయును. నేనొకమారు వారి తేనీటి వేళకు పోయి మూలన కూర్చుంటిని. ఒకే భాష యనుకొంటిమి గాని, ఐర్లండు ఆంగ్లము వేరు, దక్షిణాఫ్రికా ఆంగ్లము వేరు. బిడ్డను ఏ వేళకు పరుండబెట్టవలెనను విషయమున నొకరి మాట నొకరికి సరిపడదు. మన కోస్తా తెలుగును, రాయలసీమ తెలుగును, మన యీ అరవనాటి తెలుగును ఒక పెండ్లి పందిట కలిసినట్లుండెను. మన స్త్రీల ఆంగ్లమునకు మరియొక లోటు గలదు. అది బడిలో నేర్చినది, ఆఫీసులో వాడినది. అందు జోలపాట లేదు. మా మేనకోడలు బిడ్డకు జోల తెలుగునను, కథ ఆంగ్లమునను, వీధిమాట జర్మనునను జరుపుచున్నది.

అయితే యీ కూటములకు రెండు బలహీనతలు గలవు. మొదటిది నిలుకడ లేకపోవుట. రెండు మూడేండ్ల యొప్పందముమీద వచ్చిన కుటుంబములు వెడలిపోవుచుండును. అక్కడనే నిలిచిపోవలసిన తల్లి, ప్రతి వేసవిలోను ఒక స్నేహితురాలిని రైల్వేస్టేషనులోనో విమానాశ్రయములోనో సాగనంపి, మరల క్రొత్తవారితో పేరు, ఊరు, బిడ్డ వయస్సు మొదలుకొని చెప్పుకొనవలెను. పన్నెండేండ్లుగా అక్కడ నున్న యొక అమెరికా స్త్రీ, మూడేండ్లకు పోవుదుమని చెప్పువారితో తాను గాఢముగా కలియుట మానివేసితినని నాతో చెప్పినది. కఠినముగా వినబడును గాని ఆమెను తప్పు పట్టుటకు నాకు మనసొప్పదు.

రెండవ బలహీనత పెద్దది. కూటము హాయిగా నున్నకొలది జర్మను నేర్చుట వెనుకబడును. ఆ అమెరికా స్త్రీయే చెప్పిన మరియొక సంగతి వినుడు. కుమారునికి తొమ్మిదేండ్ల వయస్సున బడినుండి ఒక ఉత్తరము వచ్చినది. భర్త ఊరిలో లేడు. ఆమె బిడ్డచేత చదివించుకొన్నది. వాడు చదివినాడు, సెలవు దినములు, విహారయాత్రకు తేవలసిన వస్తువులు, అన్నియు చెప్పినాడు. వాని లెక్కలు వెనుకబడినవనియు, తల్లిదండ్రులొకరు వచ్చి ఉపాధ్యాయినిని చూడవలెననియు క్రింద నున్న రెండు పంక్తులు మాత్రము విడిచినాడు. భర్త తిరిగివచ్చిన నాడు అది బయటపడినది. వానిని కొట్టలేదు, తిట్టలేదట. మరుసటి సోమవారమే సాయంకాలపు భాషాతరగతిలో పేరు వ్రాయించుకొన్నదట. మనలో ఇది తెలియనివారెవరు? బ్యాంకులో, ఆస్పత్రిలో తల్లికి బదులు మాటలాడు బిడ్డ మొదట ముద్దుగనే యుండును. కొంతకాలమునకు ఇంటి పెద్ద యెవరో తారుమారగును.

ఆ తరగతులను గూర్చి ఒక మాట. ప్రతి పట్టణమునను ఫోల్క్స్‌హోఖ్‌షూలె యను ప్రజావిద్యాలయము గలదు. కొద్ది రుసుముతో భాష నేర్పుదురు. వలస వచ్చినవారికి 2005 నుండి ప్రభుత్వపు పాఠక్రమమొకటి నడచుచున్నది. సామాన్యముగా 600 గంటలు భాష, 100 గంటలు ఆ దేశపు చట్టములు, చరిత్ర, నడవడి. జర్మను వ్యాకరణము సులభము గాదు. ప్రతి నామవాచకమునకు మూడు లింగములలో నొకటి యుండును. చెంచా పుంలింగము, ముళ్ళచెంచా స్త్రీలింగము, కత్తి నపుంసకము. ఏల యని యడిగిన జవాబు లేదు. ఏడేండ్ల బిడ్డ తల్లి పలికిన ప్రతి వాక్యమును బడి వాకిటనే దిద్దును. తల్లికి సిగ్గుగా నుండును. సిగ్గును ఓర్చుకొని తప్పుగనైనను మాటలాడిన తల్లికి రెండేండ్లలో భాష పట్టుబడునట. అన్నియు సరిగా వచ్చిన తరువాతనే నోరు తెరచెదనని కూర్చున్న తల్లికి పదేండ్లకును రాదట. వ్యాపారమున నేను చూచినదియు ఇదియే.

ఇక బిడ్డల భాష. ఇదియే ఆ తల్లుల హృదయములను ఎక్కువగా బాధించు విషయము. బిడ్డ మూడేండ్లవరకు తల్లితో ఆంగ్లముననే పలుకును. శిశుశాలకు పోయిన కొలది మాసములకే తల్లి ఆంగ్లమున అడిగిన ప్రశ్నకు జర్మనున జవాబు వచ్చును. తల్లి మాట తెలియును, కాని ఆ మాటతో పలుకడు. ఆంగ్లము ప్రపంచభాష గదా, ఎప్పుడైనను బడిలో నేర్చుకొనును, విచారమేల యని పొరుగువారందురు. పొరుగువారికి తెలియనిదేమనగా, ఆ తల్లి కోరునది పరీక్షలో మార్కులు గాదు. తన తల్లి తనతో పలికిన మాటలు తన బిడ్డ నోట వినవలెనని. ఆ కోరికకు భాష పెద్దదా చిన్నదా యను లెక్క లేదు.

ఈ విషయమున పూర్వమే ఆలోచించినవారున్నారు. ఫ్రెంచి భాషాశాస్త్రజ్ఞుడైన జూల్ రోన్జా భార్య జర్మను స్త్రీ. తండ్రి ఫ్రెంచి, తల్లి జర్మను మాత్రమే బిడ్డతో పలుకవలెనని నియమము పెట్టుకొని, తమ కుమారుడు లూయీ రెండు భాషలు నేర్చిన విధమును వ్రాసి 1913లో గ్రంథముగా ప్రకటించెను. ఒక మనిషి కొక భాష యను ఆ పద్ధతినే నేటి తల్లులును అనుసరించుచున్నారు. కాని నియమ మొక్కటియే చాలదని ఆ కూటపు తల్లుల అనుభవము. తండ్రికిని తల్లి భాష తెలియునని బిడ్డ గ్రహించిన తక్షణము, కష్టపడి పలుకవలసిన యవసరము వానికి కనబడదు. తల్లి గదమాయించిన పలుకడు. జర్మను రాని మేనత్త కొడుకు సెలవులకు వచ్చినచో ఒక్క దినమున పలుకును. ఆటలో ఓడిపోకుండుటకైనను పలుకును. కాబట్టి యీ కూటములు తల్లుల యొంటరితనము కొరకు పుట్టినను, నా దృష్టిలో వాని అసలు లాభము బిడ్డలకే. తన వయస్సు బిడ్డ మరియొకడు ఆ భాషలో దెబ్బలాడుట వారు చూడవలెను.

ఇచ్చట మరియొక చరిత్ర జ్ఞప్తికి వచ్చుచున్నది. శిశుశాలకు కిండర్‌గార్టెన్, అనగా బిడ్డల తోట యని 1840లో పేరు పెట్టినవాడు జర్మను విద్యావేత్త ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్. అప్పటి జర్మను స్త్రీ యొకతె, మార్గరెటె షుర్జ్, భర్తతో అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ రాష్ట్రమున వాటర్‌టౌన్ అను ఊరిలో 1856లో తన కుమార్తెను, చుట్టాల బిడ్డలను చేర్చి తన యింటనే జర్మను భాషలో ఒక శిశుశాల నడపినది. అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్ అదియే. ఆమెను కలిసికొని విషయము తెలిసిన ఎలిజబెత్ పీబాడీ 1860లో బోస్టనులో ఆంగ్లమున అట్టిదానినే తెరచినది. నేడు జర్మనీలో ఆంగ్లభాషా తల్లి ఏమి చేయుచున్నదో, నాడు ఆంగ్లభాషా దేశములో జర్మను తల్లి అదియే చేసినది. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు అమెరికాలో జర్మను భాషపై ద్వేషము రేగి, నెబ్రాస్కా రాష్ట్రమువారు 1919లో చిన్న తరగతులలో పరభాష నేర్పరాదని చట్టము చేసిరి. 1923లో వారి సుప్రీముకోర్టు ఆ చట్టము చెల్లదని కొట్టివేసినది. మన సంఘమువంటి సంఘములవారు ఈ తీర్పును తెలిసికొనియుండుట మంచిది.

తిరిగి జర్మనీకి వత్తము. ఆ దేశపు ఇరుగుపొరుగు మర్యాదలు మనకు తలక్రిందులుగా నుండును. మన వీధిలో క్రొత్త కాపురము వచ్చినచో పాతవారు పోయి పలుకరింతురు. అక్కడ క్రొత్తగా వచ్చినవారే తలుపు తట్టి తమ పేరు చెప్పుకొనవలెను. ఇది తెలియక, ఎవరును పలుకరింపలేదని ఆరు మాసములు లోపల కూర్చున్న తల్లులున్నారు. పైయంతస్తువారు ఈమెకు గర్వమని అనుకొనియుందురు. మనకు నీవు, మీరు ఉన్నట్లే వారికిని రెండు మాటలు గలవు, దూ, జీ యని. ఆంగ్లమున ఆ భేదము లేదు గనుక ఆంగ్లభాషా తల్లులు తడబడుదురు. మనవారికి మాత్రము ఇది సులభము. ఇసుకగుంట చుట్టునున్న తల్లులు మొదటినుండియు నీవనియే పలుకుకొందురు. మెట్లమీది ముసలమ్మను మీరనవలెను. ఒకరింటికి చెప్పకుండ పోరాదు. మధ్యాహ్నము మూడు నాలుగు గంటల వేళ కాఫీకిని కేకునకును పిలుతురు, మూడనిన మూడే. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కదినము ముందైనను చెప్పరాదు, అది అశుభమని వారి నమ్మకము. మనకు శకునములు ఎక్కువ యని నవ్వువారు ఇది వినవలెను.

ఆదివారము నిశ్శబ్దము. రైల్వేస్టేషనులవంటి చోట్ల తప్ప అంగళ్ళు మూసియుండును; గోడకు మేకు కొట్టరాదు, ఖాళీ సీసాలను వీధి తొట్టిలో వేయుటయు కూడదు. వుర్టెంబర్గు ప్రాంతమున మెట్లు తుడుచు వంతు వారవారమును తలుపులు మారును. వంతు వచ్చిన వారి తలుపునకు చిన్న పలక వ్రేలాడును. పిల్లల యలజడి మీద ఫిర్యాదులు పెరుగగా, 2011లో చట్టమునే సవరించి, శిశుశాలలనుండియు ఆటస్థలములనుండియు వచ్చు బిడ్డల సవ్వడిని సామాన్యముగా హానికరమైన రొదగా నెంచరాదని నిర్ణయించిరి. బిడ్డల కేకలకు చట్టపు రక్ష కావలసివచ్చిన దేశమని నవ్వవచ్చును. రక్ష యిచ్చినారు గదా యనియు అనవచ్చును.

శిశుశాలయే అసలైన ద్వారమని నా యభిప్రాయము. 2013 ఆగస్టు 1వ తేదీ నుండి, ఏడాది నిండిన ప్రతి బిడ్డకును శిశుసంరక్షణలో చోటు పొందు హక్కు చట్టమున గలదు. హక్కున్నను చోట్లు చాలక తల్లులు తిరుగుచునే యున్నారు. చోటు దొరికిన పిదప మొదటి కొన్ని దినములు తల్లియో తండ్రియో బిడ్డతో కూడ గదిలో మూలన కూర్చుండవలెను. తరువాత పది నిమిషములు వెలుపలికి, ఆపైన అరగంట, ఇట్లు మెల్లగా విడుతురు. బిడ్డ ఏడ్చుచుండగా వాకిట వదలి పరుగెత్తు మన పద్ధతికంటె ఇది మేలని నేను మొగమోటము లేక చెప్పుదును. అప్పుడప్పుడు రాత్రివేళ తల్లిదండ్రుల సభ జరుగును. పెద్దవారందరు బిడ్డల చిన్న కుర్చీలలో మోకాళ్ళు గడ్డమునకు తగులునట్లు కూర్చుండి, వేసవి ఉత్సవమునకు ఎవరు కేకు తెత్తురు, ఎవరు బల్లలు మోయుదురు అని వ్రాసికొందురు. భాష రాదని ఆ సభకు పోనివారు ఎప్పటికిని వెలుపలివారే. మా మేనకోడలు మొదటిసారి పోయి, అర్థమైనది సగమే యైనను, కాగితముమీద తన పేరు వ్రాసి వచ్చినది. ఉత్సవమున ఆమె తెచ్చిన మన పులిహోర గిన్నె అరగంటలో ఖాళీయైనది. అటు తరువాత ముగ్గురు తల్లులు ఆమెను పేరుతో పిలుచుచున్నారు. మూడేండ్లలో వంద పలుకరింపులు చేయలేని పని అది చేసినది.

అక్కడ రాబెన్‌ముట్టర్ అను మాటయొకటి గలదు. కాకిజాతి తల్లి, అనగా బిడ్డను గూటినుండి త్రోసివేయు తల్లి యని. పసిబిడ్డను విడిచి ఉద్యోగమునకు పోవు స్త్రీని పూర్వము ఆ మాటతో దెప్పెడివారు. పశ్చిమ జర్మనీ ప్రాంతములలో బడి మధ్యాహ్నమునకే ముగియుచుండుట కూడ తల్లి యింటనే యుండవలెనను తలంపు నిలుచుటకు తోడ్పడినది. తూర్పు జర్మనీలో అట్లు గాక తల్లులు ఉద్యోగములు చేయుటయు, శిశుశాలలుండుటయు సామాన్యము. నేడు ఆ మాట మరుగుపడుచున్నది.

నవంబరు 11వ తేదీన, మార్టిన్ అను సాధువు పేర, బిడ్డలు కాగితపు లాంతర్లు చేతబట్టి చీకటిపడు వేళ ఊరేగుదురు. ముందు గుఱ్ఱముమీద ఎఱ్ఱని యంగవస్త్రముతో ఒకడు సాగును. మా మేనకోడలి కుమార్తెకు ఇప్పుడు అయిదేండ్లు. పోయినసారి ఆ ఊరేగింపునకు తల్లి పాటల కాగితము చేతబట్టి పోయినదట, బిడ్డ దానిని లాగికొని మడిచి తల్లి జేబులో పెట్టి, నేను పాడెదను నీవు వినుమని తెలుగుననే చెప్పినదట.

చివరగా, సభకు ముందు ఒక అమ్మమ్మగారు నన్నడిగిన ప్రశ్నకు జవాబు. మనుమరాలితో తెలుగున మాటలాడవలెనన్న ఏ వేళ ఫోను చేయవలెనని ఆమె అడిగిరి. మార్చి చివరి ఆదివారము నుండి అక్టోబరు చివరి ఆదివారము వరకు వారి గడియారము మనకంటె మూడున్నర గంటలు వెనుక. తక్కిన కాలమున నాలుగున్నర గంటలు. బిడ్డ శిశుశాలనుండి యింటికి చేరునది నాలుగు గంటల ప్రాంతమున. అనగా వేసవిలో మనకు రాత్రి ఏడున్నర, చలికాలమున ఎనిమిదిన్నర. వారికి ఏడు దాటినచో బిడ్డ పడకకు పోవును. మధ్య నున్న యీ మూడు గంటలలో చేయుడు. బిడ్డ జర్మనున జవాబిచ్చినను మీరు తెలుగుననే అడుగుచుండుడు.